రక్తపోటును కొలిచిన కథ - ఇంటికి యంత్రం కొనేముందు



కోపం వస్తే "నాకు బి.పి. తెప్పించకు" అంటాం. కళ్లు తిరిగితే "బి.పి. పడిపోయినట్టుంది" అంటాం. బి.పి. అనే రెండక్షరాలు మన ఇళ్లలో అంతగా కలిసిపోయాయి. అయితే కోపానికీ రక్తపోటు జబ్బుకీ మనం అనుకునేంత దగ్గర చుట్టరికం లేదు. శాంతంగా ఉండే మనిషికీ రక్తపోటు ఎక్కువగా ఉండవచ్చు. చిటపటలాడే మనిషికి సరిగ్గానే ఉండవచ్చు. రక్తపోటు పెరిగినవారిలో చాలామందికి ఏళ్ల తరబడి ఏ బాధా కనిపించదు. కనిపించేనాటికి పక్షవాతమో, గుండెపోటో, మూత్రపిండాల జబ్బో తలుపు తట్టి ఉంటుంది. అందుకే రక్తపోటు విషయంలో ఒంటి సూచనలను నమ్ముకోకూడదు. కొలిచి చూసుకోవడం ఒక్కటే దారి.

ఇప్పుడు కొరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం ఊళ్లలో చాలా ఇళ్లకు రక్తపోటు కొలిచే చిన్న యంత్రం చేరింది. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే కొడుకో కూతురో కొని పంపుతున్నారు. పంపినవారికి ఏది మంచిదో తెలియదు. వాడేవారికి ఎలా వాడాలో తెలియదు. యంత్రం చూపే అంకెను చూసి మాత్రలు పెంచేవారూ, మానేసేవారూ ఉన్నారు. కాబట్టి ఈ సాధనం ఎలా పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది, ఏది ఎంచుకోవాలి అనే సంగతులు ఈ ప్రసంగంలో తెలుసుకుందాం. చరిత్ర తెలిస్తే ఎంపిక సులువవుతుంది. ఆనాడు ఒక్కొక్కరు చక్కదిద్దిన లోపమే ఈనాడు మనం కొనేటప్పుడు చూడవలసిన గుణం.

మన వైద్యులు పూర్వం నుంచీ నాడి పట్టి చూసేవారు. ఆంధ్రదేశంలో పేరుపొందిన బసవరాజీయం వంటి వైద్యగ్రంథాలు నాడీపరీక్షకు పెద్దపీట వేశాయి. నాడి వేగం, బలం, నడక చేతివేళ్లకు తెలుస్తాయి. కానీ నెత్తురు రక్తనాళాల గోడలను ఎంత బలంతో నెడుతోందో అంకెల్లో చెప్పడం వేళ్లవల్ల అయ్యే పని కాదు.

ఇంగ్లండులో విలియం హార్వే 1628లో గుండె నెత్తురును ఒళ్లంతా తిప్పుతుందని రుజువు చేశాడు. ఆ తర్వాత సుమారు నూరేళ్లకు స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు ఆ నెత్తురుకు ఎంత బలం ఉందో చూడాలనుకున్నాడు. ఆడగుర్రాన్ని పడుకోబెట్టి కట్టి, దాని ధమనిలో ఇత్తడి గొట్టం దూర్చి, దానికి 9 అడుగుల గాజుగొట్టం తగిలించాడు. నెత్తురు గాజుగొట్టంలో 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు ఎగబాకింది. ఈ సంగతి ఆయన 1733లో ప్రకటించాడు. రక్తపోటును ఒక కొలతగా లోకం చూడడం అదే మొదలు. కానీ మనిషి ధమని కోసి చూడడం ఎలా? ఇంటింటికీ 9 అడుగుల గొట్టం మోసుకెళ్లడం ఎలా?

రెండో చిక్కుకు పాదరసం జవాబు చెప్పింది. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు. మనం ఇప్పుడు 120 అని చెప్పుకునే రక్తపోటు నీటిని సుమారు 5 అడుగుల 4 అంగుళాల ఎత్తుకు లేపగలదు. అదే పోటు పాదరసాన్ని 120 మిల్లీమీటర్లు, అంటే జానెడు కూడా లేపలేదు. ఫ్రాన్సులో పాజోయ్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు 1828లో పాదరసం గొట్టంతో కొలవడం మొదలుపెట్టాడు. ఈనాటికీ రక్తపోటును పాదరసం మిల్లీమీటర్లలోనే చెబుతున్నాం. యంత్రంలో పాదరసం చుక్క లేకపోయినా లెక్క మాత్రం అదే.

మొదటి చిక్కును, అంటే ఒంటిని కోయకుండా కొలవడాన్ని, ఇటలీలోని ట్యూరిన్‌లో షిపియోనే రీవా-రోచ్చి అనే వైద్యుడు 1896లో తీర్చాడు. సైకిలు చక్రంలో ఉండే రబ్బరు ట్యూబు వంటిదాన్ని దండచేతికి చుట్టి, గాలి కొట్టి, మణికట్టు దగ్గర నాడి ఎప్పుడు ఆగుతుందో, గాలి వదిలితే ఎప్పుడు తిరిగి తగులుతుందో చూశాడు. నాడి తిరిగి తగిలినప్పుడు పాదరసం ఎక్కడ ఉందో అదే పై అంకె. అయితే ఆయన పట్టీ సన్నం, వెడల్పు 5 సెంటీమీటర్లే. సన్నపు పట్టీతో నాళాన్ని నొక్కాలంటే ఎక్కువ గాలి కావాలి. అందువల్ల ఉన్నదానికంటే ఎక్కువ అంకె వచ్చేది. జర్మనీకి చెందిన రెక్లింగ్‌హౌజెన్ 1901లో ఈ లోపం కనిపెట్టి వెడల్పాటి పట్టీ వాడాలన్నాడు. శ్రోతలు ఈ మాట గుర్తుంచుకోవాలి. పట్టీ కొలత తప్పితే ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పే చెబుతుంది.

కింది అంకె ఇంకా మిగిలింది. దాన్ని రష్యా సైనిక వైద్యుడు నికొలాయ్ కొరొట్కోవ్ 1905లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో చదివిన చిన్న వ్యాసంలో చెప్పాడు. పట్టీకి దిగువన మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు ఆనించి, గాలి నెమ్మదిగా వదులుతూ వినాలి. టక్ టక్ మని చప్పుడు మొదలయ్యే చోట పై అంకె, చప్పుడు పూర్తిగా ఆగిపోయే చోట కింది అంకె. వైద్యులు చెవిలో గొట్టం పెట్టుకుని వినేది ఇదే.

సాధనం వచ్చింది. కానీ వచ్చిన అంకెతో ఏం చేయాలో తెలియడానికి మరో యాభై అరవై ఏళ్లు పట్టింది. వయసుతోపాటు పోటు పెరగడం సహజమనీ, తగ్గించకూడదనీ నమ్మిన వైద్యులు ఎందరో. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంగతే చూడండి. 1944 మార్చిలో పరీక్షించినప్పుడు ఆయన రక్తపోటు 186/108. 1945 ఏప్రిల్ 12న మెదడులో నరం చిట్లి కన్నుమూసిన రోజున అది 300/190. లోకంలో అంతటి అధికారం ఉన్న మనిషికి అంకె తెలిసింది, మందు లేదు. పోటు తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయని అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగిన పరిశోధన 1967లో గట్టిగా రుజువు చేసింది.

ఈ మందుల కథలో మన కొండలకూ చోటుంది. తూర్పు కనుమల అడవుల్లో దొరికే సర్పగంధి మొక్కను, మనవారు పాతాళగంధి అని కూడా అంటారు, నాటువైద్యులు పాముకాటుకూ, నిద్ర పట్టనివారికీ, మతి చెదిరినవారికీ వాడేవారు. 1931లో కలకత్తా వైద్యులు సేన్, బోస్‌లు దాని వేరు రక్తపోటును తగ్గిస్తుందని రాశారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగుల రక్తపోటు కొలిచి, 1949లో ఇంగ్లండు పత్రికలో ఫలితాలు ప్రకటించాడు. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరునుంచి రిసర్పిన్ అనే మందు తీశారు. అనుభవంతో తెలిసిన వేరుకు కొలత తోడైనప్పుడే అది లోకమంతా మెచ్చిన మందు అయింది. అయితే శ్రోతలు ఆ వేరు తవ్వి తినడానికి పూనుకోవద్దు. మోతాదు తప్పితే పోటు మరీ పడిపోతుంది, మనసు కుంగిపోతుంది. ఈనాడు అంతకంటే నిరపాయమైన మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రులలో దొరుకుతున్నాయి.

ఉప్పు సంగతి కూడా మన చరిత్రలోనిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకూ ఈ జయపురం ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాలో భాగం. పంతొమ్మిదో శతాబ్దంలో బంజారాలు ఎద్దులమీద సముద్రతీరపు ఉప్పు బస్తాలు వేసుకుని సాలూరు కనుమ ఎక్కి వచ్చేవారు. తిరుగుదారిలో కొండధాన్యం దించుకుపోయేవారు. ఉప్పు కొటార్లకు పేరుపడ్డ నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది. 1931లో అది గుణుపురం దాకా సాగింది. ఎద్దుల వీపుమీద వచ్చిన ఉప్పు కొండవాసులకు అపురూపమైన సరుకు. ఇప్పుడు ఉప్పుకు కరువు లేదు. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు, దుకాణంలో వేలాడే పొట్లాల చిరుతిళ్లు - అన్నింటిలో అదే. 32 దేశాలలో 52 చోట్ల పదివేలమందిని పరీక్షించిన ఇంటర్‌సాల్ట్ పరిశోధన 1988లో వెలువడింది. ఉప్పు దాదాపు ఎరగని బ్రెజిల్ అడవిజాతి యానోమామి ప్రజల సగటు రక్తపోటు నూటికి లోపేనని అందులో తేలింది. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా అధిక రక్తపోటు ఉంది. ఇది పట్నవాసుల జబ్బు, మనకు రాదు అనుకునే రోజులు పోయాయి.

ఇక ఆసుపత్రి దూరం సంగతి. విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో ప్రారంభమైంది. రాయగడ జిల్లా బిసంకటకంలో క్రైస్తవ ఆసుపత్రి 1954లో వెలిసింది. కొరాపుట్-రాయగడ రైలుమార్గం 1998లో పూర్తయింది. కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్యకళాశాల 2017లో తెరిచారు. ఇన్ని వచ్చినా కొండమీది పల్లెవారికి పోటు చూపించుకోవడమంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోయినట్టే. నెలకోసారి ఆసుపత్రిలో ఆయాసపడుతూ వెళ్లి చూపించుకునే ఒక్క అంకెకంటే ఇంటిదగ్గర నెమ్మదిగా చూసుకునే పది అంకెలు వైద్యుడికి ఎక్కువ సంగతులు చెబుతాయి. ఇంటి యంత్రం విలువ అక్కడే ఉంది.

పాదరసం గొట్టం ఇప్పుడు క్రమంగా సెలవు తీసుకుంటోంది. జపాన్‌లోని మినమాటాలో ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపలద్వారా మనుషుల ఒంట్లోకి చేరి నరాలు దెబ్బతీసింది. ఆ జబ్బు 1956లో బయటపడింది. ఆ ఊరి పేరు మీదనే 2013లో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. పాదరసంతో చేసిన జ్వరమాపకాలు, రక్తపోటు సాధనాల తయారీని 2020 నాటికి ఆపాలని అది చెప్పింది. మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది. మీ ఇంట్లో పాత పాదరసం పెట్టె ఉంటే వీధిలో పారేయకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగి అప్పగించండి.

ఇంటికి దొరికేవి రెండు రకాలు. మొదటిది గడియారంలాంటి ముల్లు ఉన్నది. దానికి స్టెతస్కోపు, వినడం వచ్చిన మనిషి కావాలి. కిందపడితే ముల్లు తప్పుతుంది. ఏటా సరిచూపించాలి. రెండోది బ్యాటరీతో నడిచే అంకెల యంత్రం. ఇది చప్పుడు వినదు. నాడి కొట్టుకున్నప్పుడల్లా పట్టీలోని గాలి అదిరే తీరును పట్టి లెక్క కడుతుంది. 1970లలో ఆసుపత్రులలో మొదలై తర్వాత ఇళ్లకు వచ్చిన పద్ధతి ఇది. ఇంటికి ఇదే తగినది. 2017లో మన దేశంలో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బంది వాడేది కూడా అంకెల యంత్రాలే.

కొనేముందు ఈ సంగతులు చూడండి.

మొదటిది, దండచేతికి చుట్టే పట్టీ ఉన్నదే కొనండి. మణికట్టుకు తగిలించేవి చెయ్యి ఉంచే ఎత్తును బట్టి అంకె మారుస్తాయి. వేలికి తగిలించేవి, చేతి గడియారాలు, ఫోనులో వేలు పెడితే పోటు చెబుతామనేవి నమ్మి మాత్రలు మార్చుకోకూడదు.

రెండవది, పట్టీ కొలత. దర్జీ టేపుతో భుజానికీ మోచేతికీ నడుమ చేతి చుట్టుకొలత తీసుకోండి. మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. ఎంతవరకూ పనికొస్తుందో పట్టీమీదే రాసి ఉంటుంది. మన వైపు సన్నటి చేతులవారు ఎక్కువ. సన్నటి చేతికి పెద్ద పట్టీ చుడితే పోటు ఉన్నా లేనట్టు చూపుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని పోటు చూపుతుంది. మొదటిది జబ్బును దాస్తుంది, రెండోది అక్కరలేని మాత్ర మింగిస్తుంది. ఇంట్లో ఇద్దరి చేతులూ వేరువేరు కొలతలైతే రెండు పట్టీలు అడిగి తీసుకోండి.

మూడవది, ఆ నమూనా పరీక్షలో నెగ్గిందా అని చూడండి. మంచి యంత్రాన్ని మనుషులమీద వైద్యుల కొలతతో పక్కపక్కన పెట్టి పరీక్షిస్తారు. ఇందుకు ప్రపంచమంతటా ఒప్పుకున్న ప్రమాణం ఉంది. స్ట్రైడ్ బి.పి. అనే అంతర్జాతీయ సంస్థ నెగ్గిన నమూనాల జాబితాను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచుతోంది. చదువుకున్న పిల్లలచేత వెతికించండి. కంపెనీ పేరు ఒక్కటే చాలదు, నమూనా నంబరు కలవాలి. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2018 డిసెంబరు ప్రకటనతో ఈ యంత్రాలను ఔషధ చట్టం పరిధిలోకి తెచ్చింది. కాబట్టి పెట్టెమీద తయారీదారు చిరునామా, లైసెన్సు వివరాలు లేని సరుకు కొనకండి. సంతలో చవకగా దొరికిందని తీసుకోకండి.

నాలుగవది, మరమ్మతు. రబ్బరు గొట్టం చీలినా, పట్టీ పాడైనా రాయగడలోనో, జయపురంలోనో, విశాఖపట్నంలోనో మళ్లీ దొరుకుతుందా అని అడగండి. బిల్లు దాచుకోండి. పెద్దవాళ్లకైతే అంకెలు పెద్దవిగా కనిపించేది, పాత అంకెలను గుర్తుంచుకునేది మేలు. ఫోనుకు కలిపే హంగులు లేకపోయినా నష్టం లేదు.

కొందరు శ్రోతలకు ఒక అనుమానం రావచ్చు. రాయగడ సముద్రమట్టానికి సుమారు 700 అడుగుల ఎత్తు, కొరాపుట్ సుమారు 2,900 అడుగులు. ఎత్తు మారితే యంత్రం తప్పు చెబుతుందా? చెప్పదు. యంత్రం చుట్టూ ఉన్న గాలికంటే పట్టీలోని గాలి ఎంత ఎక్కువ ఒత్తుతోందో మాత్రమే చూస్తుంది. ఎత్తుకంటే చలి ముఖ్యం. ఈ యంత్రాలలో చాలావాటికి 10 నుంచి 40 డిగ్రీల వేడిమి తగినది. సెమిలిగుడ, పొట్టంగి వైపు పుష్యమాసపు తెల్లవారుజామున అంతకంటే చల్లబడుతుంది. చలికి మన రక్తపోటు కూడా పెరుగుతుంది. గది వెచ్చబడ్డాక చూసుకోండి.

చూసుకునే పద్ధతి కూడా ముఖ్యమే. అరగంట ముందునుంచి టీ, కాఫీ, చుట్ట, బీడీ ముట్టవద్దు. మూత్రానికి వెళ్లి రండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. పట్టీని చొక్కామీద కాక ఒంటిమీదనే చుట్టండి. చేతిని బల్లమీదనో తలగడమీదనో ఆనించి, పట్టీ గుండె ఎత్తున ఉండేలా చూడండి. చెయ్యి వేలాడేస్తే పోటు పది మిల్లీమీటర్లు ఎక్కువ చూపవచ్చు. మాట్లాడవద్దు. నిమిషం ఎడంగా రెండుసార్లు చూసి, రెండూ నోటుబుక్కులో తేదీతో రాయండి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఆపైన చూసుకోండి. ఉదయం మాత్ర వేసుకోకముందు, సాయంత్రం భోజనానికి ముందు, ఇలా వారం రోజులు చూసి, మొదటిరోజు అంకెలు వదిలేసి మిగిలినవాటి సగటు తీయండి. ఇంటి సగటు 135/85 లేదా అంతకు మించితే వైద్యుడిని కలవాలి. ఆసుపత్రిలో ఈ గీత 140/90.

ఒక్కసారి వచ్చిన అంకె చూసి మాత్ర మానవద్దు, పెంచవద్దు. నాడి క్రమం తప్పి కొట్టుకునేవారికి ఈ యంత్రం సరిగ్గా చెప్పకపోవచ్చు. వారు వైద్యుడిచేతనే చూపించుకోవాలి. ఏటా ఒకసారి యంత్రాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి వారి సాధనంతో పోల్చి చూడండి. 180/120 దాటి, దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒక పక్క చెయ్యి కాలు స్వాధీనం తప్పడం ఉంటే రెండోసారి కొలుస్తూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.

మన సరిహద్దు జిల్లాల మనిషి ఒక వారం కొరాపుట్ ఆసుపత్రికి, మరో వారం పార్వతీపురానికో విశాఖపట్నానికో వెళ్తాడు. ఒకచోట చీటీ ఒడియాలో, మరోచోట తెలుగులో. ఒక వైద్యుడు రాసింది మరొకరికి అందకపోవచ్చు. మీ చేత్తో తేదీ వేసి రాసుకున్న రక్తపోటు అంకెలు మాత్రం ఏ వైద్యుడైనా చదవగలడు. యంత్రంతోపాటు ఒక నోటుబుక్కు కూడా కొనండి. ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా ఆ పుస్తకం సంచిలో పెట్టుకోవడం మరవకండి.